కొల్లూరు వజ్రం, కోటప్పకొండ పూస



నరసరావుపేట నుంచి మాచర్ల పోయే బస్సులో సీటు దొరకని వాళ్లకి ఒక లాభం ఉంది. పై కడ్డీ పట్టుకున్న చేతులన్నీ కళ్ల ఎదురుగానే ఉంటాయి. ఇదివరకు ఆ చేతులకి గడియారాలుండేవి, గుడిలో కట్టిన దారాలుండేవి. ఇప్పుడు పూసలు. గోధుమరంగు మీద పసుపు చార మెరిసే పులికన్ను, బొగ్గులాంటి నల్ల టూర్మలీన్, ఇత్తడి రంగులో తళుక్కుమనే పైరైట్, నల్ల చెక్కతో చేసిన కరుంగాలి, ఏడు రంగుల ఏడు చక్రాల బ్రాస్‌లెట్. కాలేజీ కుర్రాడి చేతికీ ఉంది, గుంటూరు మిర్చి యార్డుకి పోయొస్తున్న రైతు చేతికీ ఉంది. ఎందుకు పెట్టుకున్నావయ్యా అంటే అందరిదీ ఒకటే జవాబు: రక్ష కోసం.

వాళ్లని వెక్కిరించడానికి రాలేదు నేను. మన సంప్రదాయం అని చెప్పి అమ్ముతున్నదాంట్లో సంప్రదాయం ఎంత, కొట్టువాడి కల్పన ఎంత అన్నది తేల్చుకుందామని ఈ నాలుగు మాటలు. ఇది తేల్చడానికి పల్నాడు కంటే తగిన చోటు ఉందనుకోను. ప్రపంచంలో పేరుమోసిన రాళ్లు కొన్ని పుట్టింది ఇక్కడి మట్టిలోనే కదా.

ముందు కోటప్పకొండ తిరునాళ్లకి పోదాం. శివరాత్రి నాడు ఊళ్లనుంచి ప్రభలు కదులుతాయి, రాత్రంతా కరెంటు దీపాలు, పాటలు, దుమ్ము. కొండ కింద దుకాణాల వరసలో బొరుగులు, చెరుకుగడలు, గాజులు దాటాక పూసల కొట్లు వస్తాయి. ఒకప్పుడు అక్కడ రుద్రాక్షలు, స్ఫటిక మాలలు, నల్లపూసలే. ఇప్పుడు ముందు వరస అంతా సాగే దారానికి గుచ్చిన బ్రాస్‌లెట్లు.

"పిన్నిగారూ, ఇది పులికన్ను. అబ్బాయి చేతికి వెయ్యండి, నరదిష్టి దగ్గరికి రాదు."

"రాయేనా, గాజా?"

"అయ్యో, రాయే పిన్నిగారూ. చెంపకి ఆనించి చూడండి, చల్లగా లేదూ?"

ఆవిడ చెంపకి ఆనించింది, మళ్లీ ఆనించింది, బేరమాడింది, కొనేసింది. ఆ చెంప పరీక్షలో కొంత నిజం లేకపోలేదు. ప్లాస్టిక్ పూస చర్మానికి తగిలిన క్షణంలో వెచ్చబడుతుంది, రాయి చల్లదనం కాసేపు నిలుస్తుంది. గాజు ఈ రెంటికీ మధ్యన ఉంటుంది కాబట్టి చెంప ప్లాస్టిక్‌ని పట్టుకుంటుంది గానీ గాజు దగ్గర తడబడుతుంది. అసలు పులికన్ను స్ఫటిక జాతి రాయి. దీపం కింద పెట్టి ఇటూ అటూ వంచితే పసుపు చార రాయి మీద జరుగుతూ పోతుంది. గాజుతో చేసిన దానికీ చార జరుగుతుంది, కాకపోతే పక్కనుంచి భూతద్దంతో చూస్తే లోపల తేనెపట్టు గళ్ల లాంటి అల్లిక బయటపడుతుంది. ఇంకోటి, స్ఫటిక జాతి రాయి గాజు పలక మీద గీత పెడుతుంది, గాజు పూస పెట్టలేదు. తిరునాళ్లలో గాజు పలక ఎక్కడినుంచి తెస్తాం అంటారా, నిజమే. కొట్టువాడి ధైర్యం కూడా అదే.

పైరైట్ సంగతి వేరు. డబ్బుని లాక్కొస్తుందని అమ్ముతున్నారు. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. రంగు చూసి బంగారమని మోసపోయిన వాళ్ల కథలు ప్రపంచమంతా ఉన్నాయి. చెమటా తేమా తగిలితే మెల్లగా తుప్పు పట్టి నల్లబడుతుంది. ఎండాకాలం రేడియో వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు కదా, ఆ ఎండలో పైరైట్ కట్టుకుని తిరిగితే ఎన్నాళ్లు మెరుస్తుందో మీరే ఊహించుకోండి. ఇంక సాగే దారం. ఎండకి, చెమటకి అది పెళుసెక్కి ఒకనాడు పుటుక్కున తెగుతుంది. పూసలు బస్సు నేలంతా దొర్లుతాయి. కొట్టుకి పోయి అడిగితే, "మీకు రావాల్సిన కీడు అది తీసుకుపోయిందండీ, ఇంకోటి వేసుకోండి" అంటాడు. వస్తువు పాడైపోవడమే వస్తువు పనిచేసిందనడానికి రుజువు! ఇంత అందమైన వ్యాపారం ఇంకోటి లేదు.

శాస్త్రంలో ఉందండీ అని ఒక మాట కూడా తప్పకుండా అంటారు. ఏ శాస్త్రంలో? వరాహమిహిరుడి బృహత్సంహిత 6వ శతాబ్దపు గ్రంథం. అందులో రత్నపరీక్ష ఉంది. వజ్రం, ముత్యం, మాణిక్యం, మరకతం మీద వివరంగా రాశాడు. మంచి లక్షణాలున్న రత్నం రాజుకి మేలు, లక్షణం చెడిన రత్నం కీడు, అందుకని తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయించుకోవాలి అన్నది ఆయన మొదట్లోనే చెప్పే మాట. తర్వాతదంతా దాదాపు పరీక్షే. పగులుందా, మచ్చ ఉందా, కాంతి ఎలా ఉంది, బరువెంత, ధర ఎంత. అంటే శాస్త్రం ప్రకారం రాయికి రెండు వైపులా పదునే. ఈనాటి అంగడి అందులో మేలు చేసే సగమే చూపిస్తుంది. "ఈ రాయిలో పగులుంది, కీడు చేస్తుంది, కొనకండి" అన్న దుకాణదారుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఆ పరీక్ష చాదస్తం మన జ్యోతిష్కుల్లో, కంసాలుల్లో మొన్నమొన్నటిదాకా మిగిలే ఉంది. తొమ్మిది గ్రహాలకి తొమ్మిది రత్నాలు. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకి కనకపుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకి గోమేధికం, కేతువుకి వైడూర్యం. నీలం అందరికీ పడదని పెద్దల భయం. గుడ్డలో కట్టి మూడు రాత్రులు తలకింద పెట్టుకుని, పీడకలలు రాకపోతేనే ఉంగరంలో పొదిగించుకునేవాళ్లు. రాయి అడుగు చర్మానికి తగిలేలా ఉంగరం కింద తెరిచి చేయించేవాళ్లు. గురిగింజ ఎత్తుల్లో తూచేవాళ్లు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, రాయిని అనుమానించడం అనే ఒక క్రమశిక్షణ అందులో ఉంది. ఇప్పుడు బస్సులో మనకి కనిపించే పులికన్ను, టూర్మలీన్, పైరైట్ ఈ తొమ్మిదింట్లో ఒక్కటీ కావు. పులికన్నుకి పెద్ద పుట్టినిల్లు దక్షిణాఫ్రికా.

ఏడు చక్రాల బ్రాస్‌లెట్ కథ ఇంకా తమాషా. చక్రాల మీద అందరూ ఎత్తిచూపే గ్రంథం షట్చక్రనిరూపణం, 16వ శతాబ్దంలో బెంగాల్లో పూర్ణానందుడు రాసింది. అందులో నాభి దగ్గరి మణిపూరం రేకులు కారుమబ్బు రంగు. గుండె దగ్గరి అనాహతం మంకెన పువ్వులా ఎరుపు. బ్రాస్‌లెట్‌లో మణిపూరానికి పసుపు పూస, అనాహతానికి ఆకుపచ్చ పూస. హరివిల్లు రంగుల్ని వరసగా చక్రాలకి పంచింది 20వ శతాబ్దంలో పడమటి దేశాల వాళ్లు. అది అక్కణ్ణించి మనకే తిరిగొచ్చి, ప్రాచీన భారతీయ విజ్ఞానం అన్న చీటీతో కోటప్పకొండ కింద వేలాడుతోంది.

మరి మన ఇళ్లలో రక్ష అనేది లేదా అంటే, బోలెడుంది. పురుడు వెళ్లిన పిల్లాడి ముంజేతికి నల్లపూసలూ చిన్న బంగారు గుళ్లూ కలిపి గుచ్చి కడతారు. నడుముకి నల్ల మొలతాడు. ఏడుపు మానకపోతే దర్గాకి తీసుకుపోయి సాయిబు గారి చేత తాయెత్తు కట్టిస్తారు, అందులో హిందువులా ముస్లింలా అన్న లెక్క లేదు. వరలక్ష్మీ వ్రతం నాడు తొమ్మిది ముళ్ల తోరం, అనంత పద్మనాభ వ్రతానికి పద్నాలుగు ముళ్ల తోరం. పెళ్లిలో పసుపుకొమ్ము కట్టిన కంకణం. అయ్యప్ప దీక్షకి గురుస్వామి వేసే మాల. కాశీ నుంచి వచ్చినవాళ్లు ఇంటింటికీ పంచే నల్లదారం.

వీటిని జాగ్రత్తగా గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వీటిల్లో ఏదీ ఎవడికి వాడు కట్టుకునేది కాదు. అమ్మమ్మ కడుతుంది, మొగుడు కడతాడు, పేరంటాలు కడుతుంది, పురోహితుడు కడతాడు, ఫకీరు కడతాడు. కుడిచేయి చాచి, ఎడంచేత్తో మోచేయి పట్టుకుని నిలబడితే ఎదుటివాళ్లు మూడు ముళ్లేస్తారు. కట్టేటప్పుడు ఒక మాట అంటారు, ఆ పిల్లవాడి గురించో ఆ ఇంటి గురించో. ఖర్చంటారా, పావలా నూలు, చిటికెడు పసుపు. కూలికి పోయే ఇంట్లోనూ కామందు ఇంట్లోనూ అదే తోరం. పైగా దానికి గడువుంది. పెళ్లి కంకణం విప్పే రోజుంది, దీక్ష మాల మండలం పూర్తయ్యాక తీసేస్తారు, తోరం నీళ్లలోనో చెట్టు మొదట్లోనో కలుస్తుంది. ఎల్లకాలం భయపడుతూ కూర్చోమని ఏ తోరమూ అడగలేదు. బ్రాస్‌లెట్ మాత్రం కొరియర్లో వస్తుంది, కవరు చింపి మనకి మనమే తగిలించుకుంటాం, తీసే రోజంటూ లేదు. కొత్తగా పోయింది ఆ కట్టే చెయ్యి. రాయి మంచిదా కాదా అన్నదానికంటే నాకు ఇదే పెద్ద తేడాగా కనిపిస్తుంది.

ఇంక మన రాళ్ల దగ్గరికి వస్తాను. బెల్లంకొండ మండలంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు. ఆ నేల ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లలో ఉంది. 17వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికొచ్చి చూసి, 1676లో అచ్చేయించిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఆయన విన్న ప్రకారం, అంతకు నూరేళ్ల ముందు ఒక పేదవాడు చిరుధాన్యం చల్లుకోవడానికి నేల తవ్వుతుంటే ఇరవై అయిదు క్యారెట్ల దాకా తూగే రాయి దొరికింది. దాన్ని గోల్కొండ తీసుకుపోతే అక్కడి వర్తకుడు నోరెళ్లబెట్టాడట. ఆ తర్వాత జనం ఎగబడ్డారు. టావెర్నియర్ వచ్చేనాటికి గనుల్లో అరవై వేలమంది దాకా పనిచేస్తున్నారని లెక్క రాశాడు. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోయడం. పన్నెండు పద్నాలుగు అడుగుల్లో నీరు పడితే ఆపేసేవాళ్లు. మట్టిని చుట్టుగోడ కట్టిన మడిలో పోసి, నీళ్లతో నానబెట్టి, ఎండబెట్టి, చేటలతో ధాన్యం తూర్పారబట్టినట్టే తూర్పారబట్టి రాళ్లు ఏరేవాళ్లు.

తవ్వకం మొదలుపెట్టే ముందు ఒక తంతు చూశాడాయన. పని పెట్టించే ఆసామి తన చుట్టాలతో వస్తాడు. చిన్న రాతి విగ్రహం నేల మీద నిలబెడతారు. ఆడా మగా పిల్లా అందరూ మూడుసార్లు సాగిలపడతారు. పూజారి ఒక్కొక్కరి నుదుట కుంకుమపువ్వు, బంక కలిపిన ముద్ద పెడతాడు, దాని మీద ఏడెనిమిది బియ్యపు గింజలు అతికిస్తాడు. కుంకుమపువ్వు అని ఆయన రాశాడు గానీ, అరవై వేలమంది కూలీలకి కుంకుమపువ్వు ఎవరు పెడతారు, అది మన పసుపే అయివుంటుంది. తర్వాత ఎవరి కుండలో నీళ్లు వాళ్లు ఒంటి మీద పోసుకుని బంతిగా కూర్చుంటే, ఆసామి ఖర్చుతో భోజనం. ధైర్యం చెప్పడానికీ, నమ్మకంగా పనిచేస్తారనీ పెట్టే విందు అది.

వజ్రాల గుట్ట మీద కూర్చున్న మనుషులకి రక్షగా దక్కింది నాలుగు అక్షతలు, ఒక పూట అన్నం. వాళ్ల చేతికి ఎవరూ రాయి కట్టలేదు. రాయి దాచారన్న అనుమానం వస్తే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కొల్లూరు మట్టినుంచే వచ్చిందని చెప్పే నీలి వజ్రం ఒకటి టావెర్నియర్ చేతికి చిక్కింది. దాన్ని 1668లో పద్నాలుగో లూయీ రాజుకి అమ్మాడు. 1792లో ఫ్రెంచి విప్లవం రోజుల్లో అది దొంగలపాలైంది. తర్వాత చెక్కుడు మారి, లండన్లో హోప్ అనే బ్యాంకరు ఇంటి పేరుతో తేలింది. ఇప్పుడు బరువు 45.52 క్యారెట్లు. దానికి శాపం ఉందన్న కథ మీరూ వినే ఉంటారు. దేవుడి కంటినుంచి పెకలించారనీ, టావెర్నియర్‌ని కుక్కలు పీక్కుతిన్నాయనీ. వాస్తవంలో ఆయన 84 ఏళ్లు బతికి మాస్కోలో పోయాడు. ఆ శాపం కథకి రంగులద్ది చెప్పినవాడు పారిస్ నగల వర్తకుడు పియర్ కార్టియే. 1910లో ఒక అమెరికన్ ధనికురాలికి వజ్రం చూపిస్తూ ఆ కథలన్నీ వినిపించాడు. అశుభమైనవే తనకి కలిసొస్తాయని ఆవిడ నమ్మకం. మరుసటి ఏడు బేరం కుదిరింది. రక్ష అంటే కొనేవాళ్లకి రక్ష అని, శాపమంటే సరదాపడేవాళ్లకి శాపమని అమ్మారు. రాయి మాత్రం అదే. 1958లో దాని కొత్త యజమాని దాన్ని వాషింగ్టన్ మ్యూజియానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు.

ఇటు మాచర్ల పక్క నాగార్జునకొండలో రాళ్లకి ఇంకో వాడకం కనిపిస్తుంది. ఇక్ష్వాకుల కాలంలో, 3వ శతాబ్దంలో, చాంతిసిరి అనే రాజకుటుంబపు స్త్రీ మహాచైత్యానికి దానాలిచ్చినట్టు శాసనాలున్నాయి. లాంగ్‌హర్స్ట్ అనే పురావస్తు పరిశోధకుడి తవ్వకాల్లో ఆ స్తూపం లోపల చిన్న బంగారు భరిణె, అందులో ఎముక తునక బయటపడ్డాయి. వాటితోపాటు బంగారు పూలు, ముత్యాలు, గార్నెట్లు అనే ఎర్రరాళ్లు, స్ఫటికాలు. ఒంటికి పెట్టుకోవాల్సినవి తీసి, ఇంకెవరి కంటా పడకుండా ఇటుకల కింద పెట్టేశారు. ఆ ఎముక తునక తర్వాత సారనాథ్ చేరింది.

అదే లోయలో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. రోముకీ మనకీ మధ్య జరిగిన బేరాల్లో పగడం ఒకటి. ఎర్ర పగడం మధ్యధరా సముద్రానిది. రోమన్ ఆడవాళ్లకి ఇండియా ముత్యాలంటే ఎంత మోజో ఇండియా మగవాళ్లకి పగడమంటే అంత మోజు, ఆపదలు దగ్గరికి రానివ్వదని అక్కడి జోస్యులు నమ్ముతారు అని 1వ శతాబ్దంలోనే ప్లీనీ అనే రోమన్ రాసిపెట్టాడు. కుజదోషానికి పగడం పెట్టుకున్న మన గురజాల అమ్మాయి వేలి మీద ఉన్నది ఇటలీ సముద్రపు సరుకు కావచ్చన్నమాట. రక్ష కోసం పగడం కొనడానికి రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని నేను తీసిపారెయ్యను.

పగడం గురించి పల్నాడు వాళ్లకి ఇంకో మాట చెప్పాలి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల్లో కాల్చే రాయి, సిమెంటు ఫ్యాక్టరీలు మింగే రాయి, మనం ఇంట్లో పరుచుకునే నాపరాయి, వీటన్నింట్లో ఉన్నది కాల్షియం కార్బొనేటు. పగడంలోనూ ముత్యంలోనూ ఉన్నది అదే. నాపరాయి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తాయి. పగడం మీద వేసినా వస్తాయి. రంగు వేసిన గాజు మీద రావు. కంసాలి కొట్లో ఎవరైనా ఈ పరీక్ష చేసి చూపిస్తే అది గాజు కాదని నమ్మొచ్చు. మీరు మాత్రం మీ పగడం మీద చేయకండి. అసలైనదైతే ఆ చుక్క పడ్డచోట మెరుపు పోతుంది.

చివరగా చట్టం సంగతి. తాయెత్తు, మంత్రం, కవచం, అలాంటి మహిమగల వస్తువు ఏదైనా జబ్బు నయం చేస్తుందని ప్రకటన ఇస్తే నేరమని 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. చక్కెర జబ్బు, క్యాన్సర్, రక్తపోటు ఆ పట్టికలో ఉన్నాయి. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. పెట్టుకోవడం మీద, అమ్మడం మీద అభ్యంతరం లేదు, జబ్బు తగ్గుతుందని చాటడం మీదే. కాబట్టి షుగరు తగ్గించే బ్రాస్‌లెట్ అని ఎవరైనా మీ ఫోనుకి పంపిస్తే, అది పంపినవాడికే రక్ష అవసరం. మాత్రలు మానొద్దు. వేలు పోసి రత్నం కొనేటప్పుడు ప్రయోగశాల ధ్రువపత్రం, పక్కా బిల్లు అడగండి. ఇవ్వనంటే లేచి వచ్చెయ్యండి, వరాహమిహిరుడైనా అదే చేసేవాడు. తిరునాళ్లలో వంద రూపాయల పూస ముచ్చటపడి కొంటే కొనుక్కోండి, గాజయినా అందంగానే ఉంటుంది. అయితే చేతికి మీరే తగిలించుకోకండి, ఇంట్లో పెద్దావిడ చేత వేయించుకోండి. ఆవిడకీ పనుంటుంది.

వేసవి వస్తే నిమ్మకాయ ఊరగాయలు పెట్టే రోజులు. పగడం, ముత్యం ఉంగరాలున్న అమ్మలు కాయలు పిండే ముందు వాటిని తీసి పక్కన పెట్టుకోండి.